గొంతు చదివే చెవులు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురు. వాకిట్లో నులకమంచం మీద కాళ్ళు చాపుకుని బాపమ్మ లస్మవ్వ. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డ ఆమె కొడుకు రాజేశం. పక్కనే ఉన్న రేకుల షెడ్డులో నాలుగు సాంచెలు ఆపి వచ్చాడు. బట్ట నేసే ఆ మరమగ్గాలు ఆగితే అతనికి కాలు నిలవదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టర్ హైమవతి. పిలవకుండానే వచ్చి తలుపు చెక్కకు ఆనుకున్న ఎదురింటి అంకవ్వ. మధ్యలో పీట మీద రాజేశం కూతురు, పదహారేళ్ళ జమున. ఆమె మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా తల్లి కనకలక్ష్మి. జమున తల్లిని అవ్వ అని, తండ్రిని బాపు అని, నాన్నమ్మ లస్మవ్వను బాపమ్మ అని పిలుస్తుంది.

ఏడో ఏట మెదడువాపు జ్వరం వచ్చి జమున రెండు చెవులూ పట్టుకుపోయింది. ఆ తర్వాత రెండుసార్లు మామూలు చెవి మిషన్లు తెచ్చి చూశారు. సాంచెల చప్పుడుకు గోడలే అదిరే ఇల్లది. మిషను పెట్టుకుంటే చాలు, డబ్బాలో గులకరాళ్ళు పోసి తలలో ఊపినట్టు ఉండేది. ఏడ్చి తీసి పారేసింది.

అయినా ఈ తొమ్మిదేళ్ళూ జమునకు మాటల కరువు రాలేదు. సాంచెల ఊళ్ళో పనిచేసేవాళ్ళు గొంతు పెట్టి మాట్లాడరు. మాట్లాడినా వినపడదు. చప్పుడు లేకుండా పెదవులతోనే మాటను పూర్తిగా పలుకుతారు, ఎదుటివాళ్ళు చూసి అందుకుంటారు. కోపాలు, సరసాలు, తిట్లు అన్నీ అంతే. ఈ విద్యలో కనకలక్ష్మిని మించినవాళ్ళు ఆ వాడలో లేరు. నాలుగు సాంచెల అవతల నుంచి ఊపిరి చప్పుడు కూడా లేకుండా ఒక ముచ్చట చెప్పి, కండెలు చుట్టే ఆడవాళ్ళను పొట్ట పట్టుకుని నవ్వేలా చేసేది. ఆ పెదవులతోనే కూతుర్ని పెంచింది. వాడంతా చెవిటి పోరి అన్నా, అవ్వ ఎదుట ఉన్నంతసేపూ జమునకు చెవుడు లేదు.

ఒక్కటే లోటు. అవ్వ గొంతు ఎలా ఉండేదో జమున మరిచిపోయింది. గుర్తు చేసుకోబోతే ఉత్త పెదవులే కళ్ళ ముందుకొచ్చేవి. అందుకే కొత్త రకం మిషను వచ్చిందని, ప్రయోగం కింద ఊరికే ఇస్తారని తెలిసినప్పుడు జమున అడిగింది ఒకటే: "అవ్వ గొంతు ఇనవడ్తదా?"

హైమవతి రెండు చిన్న ముక్కలను జమున చెవుల్లో సర్ది, సగం అగ్గిపెట్టెంత డబ్బీని దారంతో మెడలో వేసింది. వేసి, రాజేశం వైపు తిరిగింది.

"ఇప్పుడు సాంచెలు నడపండి."

"ఇప్పుడా? మీరే గదా మేడం బందువెట్టమన్నరు."

"అన్నీ నడపండి. షెడ్డు తలుపులు తీసిపెట్టండి."

నాలుగు సాంచెలూ ఒక్కసారే అందుకున్నాయి. గోడకున్న క్యాలెండరు వణికింది. హైమవతి చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. జమున కళ్ళు గట్టిగా మూసుకుని గులకరాళ్ళ కోసం ఎదురుచూసింది. రాళ్ళు రాలేదు. తల లోపల బావి అడుగున ఉన్నంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి ఒక గొంతు దిగింది.

"జమ్ములూ... ఇనవడ్తాందా బిడ్డా?"

కొంచెం బొంగురు గొంతు. మాట చివర పైకి లేచి, అక్కడే ఆగిపోతుంది. జమున కళ్ళు తెరిచి అవ్వ పెదవులను చూసింది. వాటికి ఈ గొంతు ఉందని తొమ్మిదేళ్ళుగా ఎవరూ చెప్పలేదు. "ఇంకోపారి అను," అంది. కనకలక్ష్మి మళ్ళీ అంది. ఇంకోసారి. నాలుగోసారికి ఇద్దరూ ఏడుస్తున్నారు.

"ఇది గాలిని వినదు," అంది హైమవతి, జమున ముఖంలోకి వంగి. "గొంతును చూస్తుంది. నీ మెడలోని డబ్బీ నుంచి కంటికి కనపడని అలలు వెళ్ళి, ఎదుటివాళ్ళ గొంతునూ నాలుకనూ తాకి తిరిగొస్తాయి. అవి ఎలా కదిలాయో చదివి నీ చెవిలో మాటగా పలుకుతుంది. ఎవరి మాట వాళ్ళ గొంతుతోనే."

అందుకే వారం ముందు వచ్చి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి అరగంట చొప్పున మాట్లాడించి గొంతులు రికార్డు చేసి పట్టుకుపోయింది. తన గొంతు కూడా పట్టుకోవాల్సిందేనని అంకవ్వ పట్టుబట్టి మరీ ఇచ్చింది.

"ఇగ అయిపాయె లస్మవ్వా," అంది ఆ అంకవ్వే ఇప్పుడు. "ఈ పోరి ముంగట అత్తాకోడండ్ల ముచ్చట్లు బంద్!"

"ముందుగాల నీ నోటికి వడాలె తాళం," అంది బాపమ్మ.

*

అలవాటు పడడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి రోజు రెండు గంటలు, ఆ తర్వాత రోజుకో గంట పెంచుకుంటూ పొమ్మని హైమవతి చెప్పి వెళ్ళింది. చెవిలో పెట్టే అచ్చు ఒరుసుకుని ఎడమ చెవి పుండు పడింది. మూడో రోజుకు తల దిమ్మెక్కి అన్నం సయించలేదు. అన్నింటికంటే పెద్ద శత్రువు నూలు దుమ్ము. సాంచెల ఇళ్ళలో అన్నంలో కూడా అదే ఉంటుంది. చెవి ముక్కలోని సన్నటి గొట్టంలో చేరిందంటే మాటలు తెగి తెగి వచ్చేవి.

శుభ్రం చేసే పని కనకలక్ష్మి తన మీద వేసుకుంది. రోజూ పని దిగగానే చేతులు సబ్బుతో కడుక్కుని, చాప మీద తెల్లబట్ట పరిచి, చిన్న బ్రష్షుతో దుమ్ము దులిపేది. గొట్టంలోంచి ఒక సన్నటి దారం దూర్చి లాగేది. తర్వాత చెమ్మ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టి మూత బిగించేది.

"నా పుస్తెలు గూడ గిట్ల తోముకోలే నేను," అనేది.

ఐదో రోజు మధ్యాహ్నం అంకవ్వ వస్తే సర్వపిండి పెట్టారు. ఒక ముక్క నమిలి, "మస్తుగున్నదే కనకా," అంది. జమున తల వంచుకుని అన్నం కలుపుకుంటోంది. వెంటనే మళ్ళీ అంకవ్వ గొంతే వినిపించింది: "ఉప్పు గుమ్మరిచ్చింది, చెయ్యా అది చాటా?"

"ఉప్పెక్కువైతే పెరుగుల అద్దుకో అంకవ్వా," అంది జమున.

అందరూ నమలడం ఆపారు. అంకవ్వ ముఖం మాడిపోయింది. "నేనెప్పుడన్ననే? మంచిగున్నదనే అంటిగదా!"

"అనకపోతే ఉప్పు ముచ్చట దానికెట్ల తెలిసింది?" అని బాపమ్మ పళ్ళు లేని నోటితో గలగలా నవ్వింది. అంకవ్వ మిగతా ముక్క తినకుండానే లేచిపోయింది.

ఆ రోజు నుంచి జమున తల ఎత్తి చూడడం మొదలుపెట్టింది. పెదవులు కదిలితే వచ్చే మాటలు కొన్ని. పెదవులు మూసి ఉండగా వచ్చే మాటలు కొన్ని. చెవిలో రెండింటికీ తేడా లేదు, అదే గొంతు, అంతే స్పష్టం. బాపు చెయ్యి కడుక్కుంటూ నోరు తెరవకుండానే "నడుము లేస్తలేదు" అనేవాడు. అడిగితే మాత్రం, "నాకేమైందే, గుండు లెక్కున్న" అనేవాడు. బాపమ్మ దేవుడికి దండం పెట్టుకుంటూ మధ్యమధ్యలో కోడలి చాయ్‌ను తిట్టుకునేది. వాళ్ళు మింగేసిన మాటలను తను ఏరుకోవడం దొంగతనం లాంటిదేనని జమునకు తెలుసు. అయినా నవ్వొచ్చేది. తొమ్మిదేళ్ళు ఊరి మాటలన్నీ ఆమెను దాటి పోయాయి. ఇప్పుడు ఎవరికీ దొరకనివి కూడా ఆమెకే దొరుకుతున్నాయి.

ఆ నవ్వు ఎనిమిదో రోజున పోయింది.

కనకలక్ష్మి దుమ్ము దులపడం ముగించి కూతురి గడ్డం పట్టుకుని తల పక్కకు వంచింది. పుండుకు తగలకుండా చెవి ముక్కను మెల్లగా లోపలికి తిప్పింది. ముఖం జానెడు దూరంలో ఉంది. నవ్వుతోంది. పెదవులు మూసే ఉన్నాయి.

"వాన్ని ఎత్తుకపోవల్సుండె."

ఎవన్ని అని అడగబోయి జమున ఆగింది. అవ్వ పెదవులు ఇప్పుడు కదిలాయి. "నొత్తాందా? గట్టిగైందా?" జమున తల అడ్డంగా ఊపింది. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి. నవ్వు అలాగే ఉంది.

"దీన్ని ఎత్తుకపోతే సగమే దక్కె."

*

జమునకు చందు అని ఒక తమ్ముడు ఉండేవాడు. అదే జ్వరంలో, అదే వారంలో, నాలుగేళ్ళ వయసులో పోయాడు. ఆ ఇంట్లో వాడి ముచ్చట ఎవరూ ఎత్తరు. మర్నాడు జమున వాకిట్లోకి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది.

"బాపమ్మా, చందు ఎట్ల పోయిండు?"

"ఎట్ల పోవుడేందే? జరమచ్చె, దేవుడు తీస్కపాయె." నోరు మూసి, నములుతున్న తమలపాకును దవడకు నొక్కుకుంది.

జమున కదల్లేదు. ముసలిదాని గొంతు మీది ముడతలు సన్నగా వణుకుతున్నాయి. మాటలు తడబడుతూ వచ్చాయి. వాన. వాగు పొంగె. బస్సు రాకపాయె. నూలిచ్చే సేటు స్కూటరు మీద మీ అవ్వకు, ఒక్క పిల్లకే జాగ. నీకు ఫిట్సు వడ్తున్నయని మీ అవ్వ నిన్నెత్తుకపాయె. చంటోనికి జరం జరంత తక్కువున్నదనుకుంటిమి. స్కూటరు మళ్ళ పంపుత అత్తా అనె. నా ఒడిల్నే పాయె. పొద్దుగూకలే ఇంకా.

"ఏందే గట్ల సూత్తవు?" అంది బాపమ్మ పైకి. "పో, నీళ్ళు దే."

రోజూ మిషను ఎలా పనిచేస్తుందో రాయమని హైమవతి ఒక నోటుపుస్తకం ఇచ్చింది. జమున అందులో ఒకే వాక్యం రాసింది. పెదవులు మూసుకున్నప్పుడు కూడా మాటలు వస్తున్నాయి, దీన్ని బాగుచేయండి. ఎవరి పెదవులో, ఏ మాటలో రాయలేదు. ఆ పేజీ ఫొటో తీసి పంపింది. గంట తిరగకముందే జవాబు వచ్చింది: "రేపే బయల్దేరి రా."

*

హైదరాబాదులో బాపు పరిశోధనశాల బయట చాయ్ బండి దగ్గర ఆగిపోయాడు. లోపల చల్లటి గదిలో హైమవతి కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతోంది.

"ఇక్కడ నలభై మంది మీద పరీక్షించాం. ఒక్కరి దగ్గరా ఇలా రాలేదు. ఎందుకు రాలేదు?"

తననే అడుగుతోందని జమునకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. కొత్తవాళ్ళ ముందు ఆమెకు మాట పెగలదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అంది: "మావోల్లు సాంచెలకాడ సప్పుడు లేకుండ మాట్లాడుతరు గద మేడం. చిన్నప్పటి సంది గంతే."

హైమవతి ఆగిపోయింది. పక్కనున్న బల్లను అరచేత్తో ఒక్కటి చరిచింది. "అదీ! మనసులో అనుకున్నదాన్ని చప్పుడు లేకుండా గొంతుతో ఆడించడం మీవాళ్ళకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఇంటికొచ్చాక పెదవులు మూసుకుంటారు. పని అయిపోయిందని గొంతుకు తెలీదు. అది ఆడుతూనే ఉంటుంది."

"బంద్ చెయ్యచ్చా మేడం?"

"చెయ్యొచ్చు. చిన్న చిన్న కదలికలను వదిలెయ్యమని మిషనుకు చెప్పొచ్చు. అప్పుడు గొంతెత్తి మాట్లాడేవాళ్ళే వినిపిస్తారు. మీ అమ్మ గొంతెత్తి మాట్లాడుతుందా?"

అవ్వ ఎప్పుడూ గొంతెత్తదు. పెళ్ళయిన దగ్గర్నుంచి గొంతును సగమే వాడిన మనిషి.

"లేదంటే తిరిగి ఇచ్చెయ్యొచ్చు," అంది హైమవతి, కంప్యూటరు వైపు తిరిగి. "ఇలాంటివి ఆరు జతలే ఉన్నాయి. పరిశోధనకు పనికొచ్చేవాళ్ళకే ఇస్తాం." మళ్ళీ జమున వైపు తిరిగినప్పుడు ఆమె ముఖం పండగలా ఉంది. "మీ అమ్మను ఒక్కసారి తీసుకురా. పది నిమిషాలు చాలు. ఎదురుగా కూర్చుని ఆమె మింగేసిన మాటలు నువ్వు రాయాలి. ఆమెకు మాత్రం చెప్పకు. చెబితే గొంతు బిగుసుకుపోతుంది, కొలత పాడవుతుంది."

జమున మెడలోని డబ్బీని వేళ్ళతో తడిమింది. రాసేది తనే కదా. ఏమీ వినపడలేదని రాస్తే ఎవరికి తెలుస్తుంది? పది నిమిషాలు గడిస్తే ఆ గొంతు తనకు ఉండిపోతుంది. లోపలి మాట మళ్ళీ వచ్చినా వినీ విననట్టు ఉండడం నేర్చుకుంటుంది.

తల ఊపింది.

*

కనకలక్ష్మి పెళ్ళిళ్ళకు కట్టే నీలం చీర కట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ కోసం స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చింది. అద్దాల గదిలోకి చెప్పులు విడిచి అడుగుపెట్టి, తెల్లటి కుర్చీ అంచున కూర్చుంది.

"నేనేం చెయ్యాలె మేడం?"

"ఏమీ చెయ్యొద్దు. పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి. అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పాపకు ఎలా ఉంటుందో చూడాలి."

"గంతేనా? ఈ ఇద్దె మా ఆయినకు నేర్పియ్యాలె మీరు," అని నవ్వి, కూతురి వైపు కన్ను గీటి, పెదవులు బిగించింది.

హైమవతి అద్దం అవతలికి వెళ్ళింది. జమున ముందు ఒక కాగితం, పెన్సిలు.

మొదట అంతా మామూలే. ఈ అద్దాలు తుడువ ఎంతసేపైతదో. సాంచె మీద బీముల నూలు అయిపోవచ్చె, ఆయిన చూసుకుంటడో లేడో. అమ్మో ఎంత సలి. పొద్దుగాల సంది ఇది ఏం తినలే, మొఖం గుంజుకపోయింది. జమున కాగితం మీద పెన్సిలు పెట్టి ఏమీ రాయకుండా అవ్వనే చూస్తోంది. ఇంకేమీ రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కింది. మూడో నిమిషంలో వచ్చింది. వాన్ని ఎత్తుకపోవల్సుండె. నాలుగో నిమిషంలో మళ్ళీ వచ్చింది. చేసేందుకు పని లేక, మాట్లాడేందుకు మనిషి లేక, ఊరికే కూతురి ముఖాన్ని చూస్తూ కూర్చోవడం కనకలక్ష్మికి బహుశా అదే మొదటిసారి. ఆ తర్వాత ఆ మాటకు అడ్డూ ఆపూ లేకపోయింది. పెదవుల మీద మాత్రం కూతురి కోసం పెట్టుకున్న నవ్వు చెక్కుచెదరలేదు.

గంట మోగింది. జమున గబగబా రాసింది: ఏమీ వినపడలేదు.

హైమవతి లోపలికి వచ్చి ఆ కాగితం చూసి చిన్నగా నవ్వింది. "నువ్వు రాయకపోయినా మిషను రాసుకుంటుంది జమునా." ఆమె చేతిలో అచ్చయిన రెండు పేజీలు ఉన్నాయి. వాటిని పెన్నుతో సహా కనకలక్ష్మి ముందు పెట్టింది. "పరీక్షకు కూర్చున్నవాళ్ళు ప్రతి పేజీ చదివి సంతకం పెట్టాలి. మా నియమం. ఎవరి మాటలూ వాళ్ళకు తెలీకుండా మేం వాడుకోం."

"ఆమెకు చదువ రాదు మేడం!" జమున పేజీల మీద చెయ్యి వేసింది.

"ఎందుకు రాదే!" కనకలక్ష్మికి నామోషీ అనిపించింది. కూతురి చెయ్యి తీసి పక్కన పెట్టింది. "ఐదు దాక చదివిన గదా. జర మెల్లగ చదువుత, గంతే."

చూపుడు వేలు మొదటి వరుస మీద పెట్టింది. పెదవులు మూసుకునే చదువుతోంది. గొంతు అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. జమునకు అన్నీ రెండోసారి వినిపిస్తున్నాయి, ఈసారి బడిపిల్ల చదువులా. ఈ. అద్దాలు. తుడువ. కనకలక్ష్మి కళ్ళు పెద్దవయ్యాయి. "ఓ యవ్వ! గిది నేననుకున్నదే!" అని గారడీ చూసినట్టు నవ్వింది. వేలు కిందికి జరిగింది. బీము. సలి. పొద్దుగాల సంది ఇది ఏం తినలే.

తొమ్మిదో వరుస మీద వేలు ఆగింది.

గొంతు మొదటి మాట వరకు కూడబలుక్కుని ఆగిపోయింది. ఆ వరుస పక్కన చిన్న అంకె అచ్చయి ఉంది. అదే వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తే మిషను దాన్ని తిరిగి రాయదు, ఎన్నిసార్లు వచ్చిందో లెక్క వేస్తుంది. పదకొండు.

"అవ్వా," అంది జమున. "గిది చూడు, పైన. పొద్దుగాల సంది ఏం తినలే అన్నవు. గది గూడ నువ్వే అన్నవు గదా. గిది చూడవే." ఆ వరుసను గోరుతో గీరింది. కనకలక్ష్మి వేలు తొమ్మిదో వరుస మీంచి కదల్లేదు. ఆమె తల ఎత్తింది, కూతురి ముఖంలోకి కాదు, మెడలో ఉన్న డబ్బీ వైపు.

"నీకు ఎప్పటి సంది ఇనవడ్తాంది?"

జమున డబ్బీని గుప్పిట్లో దాచుకుంది.

"సంతకం పెట్టాల్నా మేడం?" అడిగింది కనకలక్ష్మి.

"రెండు పేజీల మీదా," అంది హైమవతి. ఆమె కళ్ళు అంకె మీద ఉన్నాయి. "ఇంత స్పష్టమైన గొంతు నేను ఎక్కడా చూడలేదమ్మా. మళ్ళీ వచ్చే నెల రావాలి మీరు."

కనకలక్ష్మి రెండు పేజీల మీదా సంతకం పెట్టింది. సర్వపిండి డబ్బా బల్ల మీదే మరిచిపోయింది.

*

బస్సులో ఆమె కొంగు మెడ చుట్టూ బిగించి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ అలలకు గుడ్డ అడ్డం కాదు. రాజన్నా, రాజన్నా, రాజన్నా అని లోపల దేవుణ్ణి పిలుస్తోంది. తొమ్మిదో వరుసలోని మాటను పైకి రాకుండా తొక్కిపట్టాలని చూస్తోంది. తొక్కిన కొద్దీ రెండు రాజన్నల సందులోంచి అది తోసుకుని వస్తోంది. సిద్దిపేట దాటకముందే జమున చెవి ముక్కలు రెండూ తీసి సంచిలో వేసింది. తీయడం కనపడేలా కావాలనే మెల్లగా తీసింది. కనకలక్ష్మి ఒకసారి చూసి, కొంగును ఇంకొంచెం బిగించింది.

ఇంటికి వచ్చాక ఆమె జమునతో మాట్లాడడం మానేసింది. కోపం కాదు. పళ్ళెంలో అన్నం పెట్టి జమున రాకముందే వెళ్ళిపోయేది. అంట్లు తోమితే వీపు ఇటు పెట్టి తోమేది. రోజంతా షెడ్డులోనే, పని లేకపోయినా. చెవి ముక్కలను దులిపేవాళ్ళు లేక గొట్టాలు నూలు దుమ్ముతో పూడుకుపోయాయి.

"మీ ఇద్దరికి ఏం దయ్యం వట్టిందే?" అని రాజేశం అడిగాడు. ఎవరూ చెప్పలేదు. బాపమ్మ అడగలేదు. ఆమె కూడా జమునను చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. అంకవ్వ రావడం ఎప్పుడో మానేసి, మూసిన నోటి మాట కూడా ఈ పోరికి వినపడుతుందని వాడంతా చాటింది. సాంచెల వాళ్ళు ఎదురుపడితే వీధి ఆ పక్కకు తప్పుకుంటున్నారు.

ఆరో రోజు మధ్యాహ్నం జమున మెడలోంచి డబ్బీ కూడా తీసింది. దాన్ని చెవి ముక్కలతో కలిపి కాగితంలో చుట్టి, పైన హైమవతి పేరు, ఊరు రాసింది. అవ్వ గొంతును ఒక్కసారి తలుచుకుంది, ఆ బొంగురు, చివర్లో పైకి లేచి ఆగడం. పొట్లాన్ని పట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్ళింది.

రాజేశం నూలు తేవడానికి పోయాడు. కనకలక్ష్మి ఒక్కతే తలుపు దగ్గర నిలబడి దారం పురి విప్పుతోంది. సాంచెలు నడుస్తున్నట్టు జమునకు అరికాళ్ళకు తెలుస్తోంది. పొట్లం చూపించి, చప్పుడు లేకుండా పెదవులతో అంది, చిన్నప్పుడు అవ్వ నేర్పినట్టే.

"తీసేసిన. చూడు. పోస్టుల పంపుతున్న. ఇగ ఏం ఇనవడది నాకు."

"తీసేస్తే ఏమైతది?" అన్నాయి కనకలక్ష్మి పెదవులు. ఆరు రోజుల తర్వాత అవి జమున వైపు కదలడం అదే మొదలు. "ఇన్నది వోతదా?"

"నువ్వు కావాల్నని అన్లేదు. నాకెర్కే."

"కావాల్నని అన్లే బిడ్డా. నిన్ను సూత్తె అదే ఒస్తది. నేనేం జెయ్య? నోరంటే మూసుకుంట. గొంతునెట్ల మూసుకోను?"

"మూసుకోకు. ఎన్నిసార్లన్న అనుకో. నేనేమనుకోను. నాతోని మాత్రం మాట్లాడు అవ్వా. ముందట్లెక్కనే." జమున పెదవులు వణికి మాట చెదిరింది. మళ్ళీ కూడదీసుకుని అంది. "నాతోని ఇంకెవలు మాట్లాడుతరు?"

కనకలక్ష్మి ఆమెను చూసింది. దారం వదిలేసి, కూతురి ఎడమ చెవి మీద ఎండిన పుండును బొటనవేలితో తడిమింది. అవ్వ పెదవులు ఏదో చెప్పడానికి విచ్చుకున్నాయి. చెప్పకుండా మూసుకున్నాయి.

ఆ తర్వాత గొంతు గుంట దగ్గర చర్మం సన్నగా కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

జమున చెవుల్లో ఏమీ లేదు. అయినా ఆ కదలిక ఎంత పొడవుంటుందో, ఎక్కడ ఆగి ఎక్కడ మళ్ళీ మొదలవుతుందో ఆమెకు తెలుసు. తెలిసినట్టు ముఖంలో కనపడకూడదనుకుంది. అనుకునేలోపే కనపడింది.

కనకలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక అడుగు లోపలికి వేసి, రెండు చేతులతో రేకు తలుపును లాగి జమున ముఖం మీద మూసింది. లోపల గొళ్ళెం పడిన అదురు, తలుపుకు ఆనించిన జమున అరచేతికి తెలిసింది.